సంఘ భవన నిర్మాణం : అంచనాలు, టెండర్లు, మన బాధ్యత

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాళ్లం. బడిలో ఉర్దూ, బజారులో తెలుగు. కాబట్టి మాటల్లో ఎక్కడైనా తడబాటు ఉంటే మన్నించవలసిందిగా మనవి. ఇంజనీరు కాని మనిషి కట్టడం లెక్కల గురించి ఎందుకు మాట్లాడుతున్నాడని మీకు అనిపించవచ్చు. అందుకు రెండు కారణాలు ఉన్నాయి. ఆడపిల్లల కుట్టు శిక్షణకు ఒకటి, సాయంకాలం ట్యూషన్లకు ఒకటి, రెండు గదులు కట్టాలని ఈ సంవత్సరం మన సంఘం తీర్మానించింది. ఇది మొదటి కారణం. ఇంతకుముందు హాలు కట్టినప్పుడు భవన కమిటీలో మేమూ ఉన్నాము. ఆనాటి పొరపాట్లలో మా వంతు ఉంది. ఇది రెండవ కారణం.

ఆ సంగతి ముందు చెప్పుకుందాం. హాలు కట్టాలనుకున్నప్పుడు మేము చేసినది ఏమిటి? ముగ్గురు మేస్త్రీలను పిలిచి, స్థలం చూపించి, “చదరపు అడుగుకు ఎంత?” అని అడిగినాము. తక్కువ చెప్పినాయనకు మరుసటి రోజే అడ్వాన్సు ఇచ్చినాము. కాగితం లేదు. ఉన్నదల్లా ఒక నోటుబుక్కులో పెన్సిలుతో గీసిన ప్లాను. పునాది తవ్వితే నల్లరేగడి బయటపడింది. “ఇంకా లోతు పోవాలి, ఇది ఎక్స్‌ట్రా” అన్నారు. ఇచ్చినాము. కిటికీలు చెప్పిన రేటులో లేవన్నారు. అదీ ఇచ్చినాము. గోడలు లింటెలు వరకు లేచేసరికి సంఘం డబ్బు అయిపోయింది. రెండు వానాకాలాలు ఆ గోడలు అలాగే తడిసినాయి. స్తంభాల మీద నిలబెట్టిన ఇనుప చువ్వలు ఎర్రగా తుప్పు పట్టినాయి.

ఆ రోజుల్లో ఒక జుమ్మా సాయంత్రం మిషన్ కుట్టుకుని బ్రతికే ఒక ఖాలా మమ్మల్ని రోడ్డు మీద ఆపి అడిగినారు. “మాస్టర్ సాబ్, నేనిచ్చిన పైసలు ఏ గోడలో ఉన్నాయి?” ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినారు. మా దగ్గర జవాబు లేదు. రసీదు పుస్తకం ఉంది, ఖర్చు చిట్టా ఉంది. ఏ పనికి ఎంత కావలసి ఉండె, ఎంత ఇచ్చినాము అని చూపే కాగితం మాత్రం ఒక్కటీ లేదు. దేవుని దయవల్ల మీరందరూ మళ్లీ చందాలు ఇచ్చినారు గనుక హాలు పూర్తయింది. ఈరోజు దానిలోనే కూర్చున్నాము. కాని ఆ ప్రశ్నకు జవాబు బాకీ ఉండిపోయింది.

కాబట్టి ఈ ప్రసంగంలో మేము చెప్పదలచినది ఒకే మాట. చందా డబ్బు అమానత్. ఆ అమానత్‌ను కాపాడడం రాయి వేసే రోజున కాదు, అంతకు ముందే కాగితం మీద మొదలవుతుంది. ఆ కాగితాలే అంచనా, టెండరు, ఒప్పందం.

అంచనా అంటే ఏమిటి?

ఉర్దూలో తఖ్మీనా అంటాము, తెలుగులో అంచనా, ఆఫీసుల్లో ఎస్టిమేటు. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది ఉజ్జాయింపు అంచనా. చదరపు అడుగు లెక్క అదే. ఈ పని మన తాహతుకు తగునా తగదా అని ఆలోచించడానికి అది చాలు. దాన్ని పట్టుకుని పని అప్పగిస్తే మాత్రం చిక్కు. ఎందుకో చూడండి.

మనం కట్టబోయే గది లోపలి కొలత 6 మీటర్లు పొడవు, 5 మీటర్లు వెడల్పు అనుకుందాం. లోపల కొలిస్తే 30 చదరపు మీటర్లు, అంటే సుమారు 323 చదరపు అడుగులు. గోడ మందం 23 సెంటీమీటర్లు, మన మాటలో తొమ్మిది అంగుళాల గోడ. గోడలతో కలిపి బయట కొలిస్తే 6.46 మీటర్లకు 5.46 మీటర్లు, సుమారు 380 చదరపు అడుగులు. గది ఒక్కటే, తేడా 57 అడుగులు. లెక్క సులువు కోసం అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే ఒక్క గదికే 1,14,000 రూపాయల తేడా వస్తుంది. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు లోపల కొలిచినారు, ఒకరు బయట కొలిచినారు. ముందుగా రాసుకోలేదు, అంతే.

రెండవది వివరమైన అంచనా. దీనికి మూడు మెట్లున్నాయి. సరైన ప్లాను గీయించాలి. ప్లానును బట్టి ప్రతి పని ఎంత పరిమాణమో లెక్క కట్టాలి. ఆ తరువాతనే ప్రతి పనికీ రేటు వేయాలి. పరిమాణాలు తెలియకుండా రేటు అడగడం, ఎన్ని కిలోలో చెప్పకుండా బియ్యం బేరమాడినట్లు.

మట్టి తవ్వకం, కాంక్రీటు, ఇటుక కట్టుబడి ఘనపు మీటర్లలో కొలుస్తారు. పూత, సున్నం, నేల బండలు చదరపు మీటర్లలో, ఇనుము కిలోలలో కొలుస్తారు. ఏ పనిని ఎలా కొలవాలో చెప్పే భారత ప్రమాణం ఒకటి ఉంది, దాని పేరు ఐ.ఎస్. 1200. మేస్త్రీలు అడుగుల్లో మాట్లాడుతారు, ఇంజనీర్లు మీటర్లలో రాస్తారు. ఒక ఘనపు మీటరు సుమారు 35.3 ఘనపుటడుగులని గుర్తుంటే ఇద్దరి మాటా మనకు అర్థమవుతుంది.

ఒక గది లెక్క

బడిలో బోర్డు మీద చేసినట్లే ఇక్కడ ఒక గోడ లెక్క చేద్దాం. నాలుగు గోడల నడిమి గీత పొడవు తీసుకుంటే మూలలు రెండుసార్లు లెక్కకు రావు. 6.23, 5.23 కలిపితే 11.46. దానికి రెట్టింపు 22.92 మీటర్లు. ఎత్తు 3 మీటర్లు, మందం 0.23 మీటరు. మూడూ గుణిస్తే 15.81 ఘనపు మీటర్లు. ఇది నిండు గోడ. అందులో ఒక తలుపు, 1 మీటరుకు 2.1 మీటర్లు. మూడు కిటికీలు, ఒక్కొక్కటి 1.2కు 1.2 మీటర్లు. వీటి చోటు 1.48 ఘనపు మీటర్లు తీసివేస్తే నికరంగా మిగిలేది 14.33 ఘనపు మీటర్లు. లింటెలు పట్టే చోటును కూడా తీసివేయాలి. ఇక్కడ సులువు కోసం వదిలినాము.

ప్రామాణిక కొలత ఇటుక 19, 9, 9 సెంటీమీటర్లు. సిమెంటు అతుకుతో కలిపి ఘనపు మీటరుకు 500 ఇటుకలు పడతాయి. మన ఊరి బట్టీ ఇటుక కొలత వేరుగా ఉంటే ఈ లెక్కా మారుతుంది. తలుపు, కిటికీలు తీసివేయడం మరచిపోతే ఒక్క గదికి దాదాపు 740 ఇటుకలు లేని గోడకు డబ్బు చెల్లించినట్లే. హాలు కట్టినప్పుడు ఇలా ఎన్ని ఇటుకలు పోయినాయో ఆ అల్లాకే తెలుసు.

ఇక స్లాబు సంగతి. దాని మందం 5 అంగుళాలా, 6 అంగుళాలా అన్నది ఇంజనీరు నిర్ణయించి ప్లానులో రాయాలి. మన గది స్లాబు వైశాల్యం సుమారు 35.3 చదరపు మీటర్లు. 6 అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్లు వేస్తే 5.3 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. సిమెంటు, ఇసుక, కంకర 1 : 1.5 : 3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం 42 బస్తాలు. అంగుళం మందం తగ్గిస్తే 7 బస్తాల సిమెంటు, దానికి తగిన ఇసుక, కంకర మిగులుతాయి. ఎవరికి మిగులుతాయి? రాసి ఉంటే సంఘానికి, రాయకపోతే కట్టేవారికి. స్లాబు పోసిన తరువాత పై నుండి చూస్తే అంగుళం తేడా ఎవరికీ కనపడదు.

ఇనుముకు ఒక చిన్న సూత్రం ఉంది. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 10 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 0.617 కిలో, 12 మీటర్ల నిడివికి 7.4 కిలోలు. 8 మిల్లీమీటర్లదైతే 12 మీటర్లకు 4.7 కిలోలు. చువ్వలను లెక్కపెట్టి తూకం బిల్లును సరిచూడడం మా ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల పని. మనమెందుకు చేయకూడదు?

అంచనాలో మరచిపోయేవి

మన కర్నూలు ప్రాంతంలో మొదట చూడవలసినది నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలు విడుస్తుంది. పునాది ఆ మట్టిలోనే నిలిస్తే గోడలూ పగులుతాయి. దానిని దాటి గట్టి నేల వరకు పోవాలి, లేదా ఇంజనీరు చెప్పిన వేరే పద్ధతి పాటించాలి. అంచనా వేయకముందే ఒకటి రెండు చోట్ల గుంత తవ్వించి చూడడానికి ఇద్దరు కూలీల ఒక రోజు కూలి అవుతుంది. హాలు కట్టినప్పుడు ఆ కూలి మిగిలించుకున్నాము. దాని ఫలితం ఇందాక విన్నారు.

రెండవది రేట్లు. ప్రభుత్వ ఇంజనీరింగు శాఖలు వాడే ప్రామాణిక రేట్ల పట్టిక ఉంది, దానినే ఎస్.ఎస్.ఆర్. అంటారు. దానిని ఆధారంగా పెట్టుకుని, ఇటుక బట్టీలో, క్వారీలో, సిమెంటు దుకాణంలో నడుస్తున్న ధర విచారించాలి. ఇసుక, కంకర, బేతంచెర్ల బండలు ఎంత దూరం నుండి వస్తాయో, ఆ బాడుగ కూడా చేరాలి. అంచనా మీద తేదీ తప్పక ఉండాలి. 2019లో ఇసుక దొరకక మన రాష్ట్రంలో ఎన్ని పనులు ఆగిపోయినాయో మీకు గుర్తుండే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుండి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. తేదీ లేని అంచనా చూస్తే అది ఏ నాటి ధరో తెలియదు. రేటులో పన్ను చేరి ఉందా లేదా అన్నది కూడా రాసి ఉండాలి.

మూడవది కంటికి ఆనని ఖర్చులు. ప్లాను మంజూరు రుసుము, కరెంటు పని, నీళ్ల పైపులు, మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు, పిట్టగోడ, మెట్లు, సెంట్రింగు బాడుగ, తడపడానికి నీళ్లు. ఐ.ఎస్. 456 ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటైతే కనీసం 10 రోజులు తడుపుతూ ఉండాలి. నాలుగున్నర మీటర్లకు మించిన స్లాబు కింద పోట్లు కనీసం 14 రోజులు ఉంచాలి. మన గది 5 మీటర్లు. కాబట్టి బాడుగ పద్నాలుగు రోజులకు వేసుకోవాలి. వారానికే పోట్లు తీస్తామంటే ఒప్పుకోకూడదు. ఇవన్నీ వేసిన తరువాత కూడా అనుకోని ఖర్చులకు మూడు నుండి అయిదు శాతం చేర్చుకోవడం ఆనవాయితీ.

టెండరు ఎందుకు?

టెండరంటే తక్కువ చెప్పినవారికి పని ఇవ్వడం అని చాలామంది అభిప్రాయం. అది సగం మాటే. అందరి చేతికీ ఒకే పరిమాణాల పట్టిక, ఒకే ప్లాను, ఒకే షరతులు ఇచ్చి, ఒకే పనికి రేటు అడగడం టెండరు. అప్పుడే ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో పోల్చవచ్చు. మేము ఆనాడు ముగ్గురిని అడిగినాము గాని, ముగ్గురి మనసులో మూడు హాళ్లున్నాయి.

టెండరు కాగితాల్లో ఇవి ఉండాలి. పని వివరం, పరిమాణాల పట్టిక, ప్లాను. గోడకు 1 : 6 పాళ్లా, 1 : 4 పాళ్లా, తలుపు ఏ చెక్క, నేలకు ఏ బండ అనే సామాను వివరం. పని ముగించవలసిన గడువు. ధరావతు ఎంత కట్టాలి. డబ్బు ఏయే మెట్టులో ఎంత ఇస్తాము. కవర్లు ఏ రోజు ఎన్ని గంటలకు తెరుస్తాము. మూసిన కవర్లను ఒకే పెట్టెలో వేయించి, టెండరు వేసినవారి ఎదుటే తెరిచి, అంకెలు పైకి చదివి, కమిటీ వారు ప్రతి కాగితం మీద సంతకాలు చేయాలి. ఆ తరువాత అందరి రేట్లు పక్కపక్కన రాసి ఒక పట్టిక తయారు చేయాలి.

మొత్తం అంకె ఒక్కటే చూసి మోసపోకూడదు. ఒక ఉదాహరణ చెబుతాము. ఒకాయన లింటెలు వరకు 4 లక్షలు, స్లాబుకు 3 లక్షలు, మిగతా పనులకు 3 లక్షలు, మొత్తం 10 లక్షలు వేసినాడు. ఇంకొకాయన లింటెలు వరకు 6 లక్షలు, స్లాబుకు 2 లక్షల 80 వేలు, మిగతా వాటికి 1 లక్ష, మొత్తం 9 లక్షల 80 వేలు వేసినాడు. రెండవది 20 వేలు తక్కువ, ఇచ్చేద్దామా? లింటెలు వరకు వచ్చేసరికి ఆయన 4 లక్షల పనికి 6 లక్షలు తీసుకుని ఉంటాడు. మిగిలిన పని చేస్తే ఆయనకు నష్టమే. అప్పుడు ఆయన రాకపోతే మనం చేయగలిగేది చాలా తక్కువ. అందుకే ప్రతి పని రేటునూ మన అంచనా రేటుతో పోల్చి చూడాలి. మరీ తక్కువ ఉంటే ఎలా చేస్తారో పిలిచి అడగాలి. మరీ ఎక్కువ ఉంటే అదీ అడగాలి.

“మనవాడే కదా” అనే మాట

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. ఈ గదుల పని మన మొహల్లా కుర్రవాడికే నేరుగా ఇవ్వాలని కొందరు సభ్యులు అంటున్నారు. ఆ కుర్రవాడు మా దగ్గర చదివినవాడే. పనిమంతుడు, నమాజీ, పెద్దల పట్ల అదబు ఉన్నవాడు. అతని మీద మాకు ఏ అనుమానమూ లేదు. అయినా టెండరు లేకుండా పని ఇవ్వవద్దని మా అభిప్రాయం.

మనవాడని నేరుగా ఇస్తే రేపు సిమెంటు ధర పెరిగినా, పునాది లోతు పోయినా, ప్రతి రూపాయికీ ఊరు గుసగుసలాడుతుంది. అతను నిజాయితీగా చేసినా నిరూపించుకునే కాగితం అతని చేతిలో ఉండదు. టెండరులో నలుగురి నడుమ అతని రేటు నిలబడితే ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు. కాబట్టి టెండరు సంఘానికే కాదు, అతనికీ రక్షణ. మొన్న ఇంటికి వచ్చినప్పుడు అదే చెప్పినాము. “టెండరు వేయి బేటా, నీ లెక్క నువ్వే వేసుకో, మమ్మల్ని అడగవద్దు” అన్నాము. మొదట చిన్నబుచ్చుకున్నాడు. తరువాత పట్టిక ఎప్పుడిస్తారని అడిగినాడు. అది మాకు సంతోషం కలిగించింది. కవర్లు తెరిచే కమిటీలో మేము కూర్చోము. అతను మా శిష్యుడు గనుక అక్కడ మా చోటు లేదు. కమిటీ సభ్యులలో ఎవరికైనా టెండరు వేసినవారితో చుట్టరికం ఉంటే వారూ అదే విధంగా తప్పుకోవాలని మనవి.

రాసుకోవడం

సూరె బఖరాలోని 282వ ఆయత్, ఖురాన్ మజీద్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, గడువు పెట్టుకున్న అప్పు లావాదేవీలను రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు పడవద్దని చెబుతుంది. మన ఇళ్లలో ఇది అందరూ చదివేదే. కాని “రాత ఎందుకు, నమ్మకం లేదా?” అని ఒకరినొకరు అడుగుతాము. నమ్మకం ఉన్నచోట కూడా మతిమరుపు ఉంటుంది. రాత అందుకోసమే.

ఒప్పందంలో ముఖ్యమైనవి నాలుగు. పని కొలిచిన తరువాతనే డబ్బు ఇవ్వాలి, ఆ కొలతలను కొలతల పుస్తకంలో రాసి ఇరువైపులా సంతకాలు చేయాలి. ప్రతి బిల్లులో కొంత శాతం ఆపి ఉంచి, పని ముగిసి ఒక వానాకాలం గడిచి, కారుడు లేదని తేలిన తరువాత ఇవ్వాలి. ఎక్స్‌ట్రా పని ఏదైనా ముందుగా కమిటీ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చెల్లుతుంది. మనం డబ్బు ఆలస్యం చేస్తే కాంట్రాక్టరుకు గడువు పొడిగించాలి. ఈ చివరి షరతును మరువరాదు. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని మనకు నేర్పినారు కదా.

డబ్బు విషయంలో ఇంకొక మాట. జకాత్ హక్కుదారుల చేతికి చేరవలసిన సొమ్ము, దానిని కట్టడాలకు వాడరాదని మన హనఫీ ఉలమాలు చెబుతారు. కాబట్టి భవన నిధి వేరుగా, జకాత్ వేరుగా, రెండు ఖాతాలు ఉండాలి. చేతిలో ఉన్న డబ్బు ఒక గదికే సరిపోతే ఒక గదే స్లాబు వరకు పూర్తి చేద్దాం. రెండు గదులు మొదలుపెట్టి రెండూ లింటెలు దగ్గర ఆపడం కంటే ఒక గదిలో మిషన్లు నడవడం మేలు.

సభకు మా విన్నపం ఇది. లైసెన్సు ఉన్న ఇంజనీరుతో ప్లాను, అంచనా వేయించుదాం. అతని ఫీజు ఖర్చు కాదు, పని మొత్తానికి కాపలా. పరిమాణాలను ఇంకొకరితో సరిచూపించుదాం, అందులో మా వంతు సేవ మేము చేస్తాము. అంచనాను, టెండరు పట్టికను, చివరి బిల్లును ఈ హాలు గోడకు అంటించి, వచ్చే సంవత్సరం ఈ సావనీరులోనే అచ్చు వేద్దాం.

ఆ ఖాలా ఈరోజు కూడా అక్కడ మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. ఈసారి కూడా చందా రాయించినారు. గది పూర్తయిన రోజున ఆమె మళ్లీ అడిగితే మనం తల దించుకోకూడదు. కొలతల పుస్తకం తెరిచి, పేజీ చూపించి, “ఖాలా, మీ పైసలు ఈ గోడలో ఉన్నాయి” అని చెప్పగలగాలి. అల్లా మనందరికీ ఆ తౌఫీఖ్ ఇచ్చుగాక.